హైవే మైలేజీ కోసం కారుపై గాలి నిరోధం తగ్గించుకోవడం: ఇంట్లో చేసుకోదగ్గ మార్పులు, వాటి క్రమం

చదునైన రోడ్డు మీద ఒకే వేగంతో వెళ్తున్న కారు ప్రధానంగా రెండింటితో పోరాడుతుంది. ఒకటి టైర్ల దొర్లుడు నిరోధం, రెండోది గాలి నిరోధం. దొర్లుడు నిరోధం వేగంతో పాటు పెద్దగా మారదు. గాలి నిరోధం మాత్రం వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. డ్రైవరుతో కలిపి టన్ను బరువుండే మామూలు హ్యాచ్‌బ్యాక్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దాని డ్రాగ్ గుణకం (ఆకారం గాలిని ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే అంకె) 0.33, ఎదురుగా చూస్తే కనిపించే వైశాల్యం 2.1 చదరపు మీటర్లు అనుకుంటే, దొర్లుడు నిరోధం దాదాపు 118 న్యూటన్లు ఉంటుంది. గాలి నిరోధం గంటకు 40 కి.మీ. వేగంలో 50 న్యూటన్లు, 60 కి.మీ. దగ్గర 112, 80 కి.మీ. దగ్గర 200, 100 కి.మీ. దగ్గర 310 న్యూటన్లకు చేరుతుంది. అరవై దాటగానే గాలిదే పైచేయి అన్నమాట.

ఈ అంకెల నుంచి ముందుగా గ్రహించాల్సింది ఒకటి ఉంది. మీ కారు ఎక్కువగా అమీర్‌పేట సిగ్నళ్ల మధ్యనో, విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టూనో తిరిగేదైతే ఈ వ్యాసంలోని ఏ మార్పూ మీకు పైసా మిగల్చదు. నెలకు వెయ్యి, రెండు వేల కిలోమీటర్లు హైవే మీద తిరిగేవారికే ఇది ఉపయోగం. వారికైనా అద్భుతాలు ఆశించడం తగదు. 80 కి.మీ. వేగంలో గాలి నిరోధాన్ని 10 శాతం తగ్గించగలిగితే మొత్తం నిరోధం 6 శాతం తగ్గుతుంది. ఇంజిన్ లోపలి నష్టాలు అలాగే ఉంటాయి కాబట్టి ఇంధనంలో మిగిలేది సాధారణంగా అంతకంటే కొంత తక్కువే.

చేతిపనితో ఎంత దూరం వెళ్లవచ్చో చూపిన ఉదాహరణలు లేకపోలేదు. 1970లలో నాసా ఇంజనీరు ఎడ్విన్ సాల్ట్‌జ్‌మన్ బృందం ఒక వ్యాను చుట్టూ అల్యూమినియం రేకులు బిగించి దాన్ని చతురస్రపు పెట్టెలా మార్చి, తర్వాత దాని అంచులను గుండ్రం చేసి, గాలి నిరోధం సగానికి పైగా తగ్గడం చూసింది. అమెరికాలో ఒక ఔత్సాహికుడు 1992 నాటి హోండా సివిక్‌కు ప్లాస్టిక్, అల్యూమినియం రేకులతో పొడవాటి తోక, చక్రాల కప్పులు, పూర్తి అడుగు కవరు తొడిగి, గంటకు 65 మైళ్ల వేగంలో లీటరుకు దాదాపు 40 కి.మీ. సాధించానని ప్రకటించాడు. ఆ కారును మన రోడ్ల మీదికి యథాతథంగా తెస్తే మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గరే సగం ఊడిపోతుంది, రెండో మలుపులో పోలీసులు ఆపుతారు. ఆ పద్ధతిలో మన ఎండలకు, మన రోడ్లకు, మన చట్టానికి తట్టుకునే భాగమే ఇక్కడ చెబుతున్నాను.

రూపాయి ఖర్చు లేని పనులు

కారు పైన ఖాళీగా ఉన్న క్యారియర్ ఉంటే మొదట దాన్ని దింపండి. సామాను లేకపోయినా దాని అడ్డ కడ్డీలు గాలిని చెదరగొడుతూనే ఉంటాయి. ఇంట్లో తయారు చేసుకునే ఏ ఒక్క పరికరమూ దీనంత తేలికగా ఇంత లాభం ఇవ్వదు. బానెట్ మీది జెండా కర్రలు, అద్దాల పైన అతికించే వెడల్పాటి వాన విజర్లు కూడా ఈ కోవలోనివే. ముందు భాగంలో ఇనుప బుల్ బార్ ఉంటే దాన్ని మైలేజీ కోసం కాకపోయినా తీసేయాలి, ఎందుకంటే కేంద్ర ప్రభుత్వం 2017 డిసెంబరులోనే వాటిని తొలగించాలని ఆదేశించింది. హైవే వేగంలో అద్దాలు మూసి ఏసీ వేసుకోవడమే మేలు. టైర్ల గాలి కంపెనీ చెప్పిన మేరకు ఉంచండి. వేగాన్ని వంద నుంచి ఎనభైకి దించితే గాలి నిరోధం 36 శాతం తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి. కింద చెప్పే పనులన్నీ కలిపినా అంత తగ్గించడం కష్టం.

మొదటి అడుగు: ముందు కొలవండి

ట్యాంకు నింపి, తిరిగి నింపి, కిలోమీటర్లను లీటర్లతో భాగించే పద్ధతి రెండు మూడు శాతం తేడాలను పట్టుకోలేదు. బంకులో నాజిల్ ఎక్కడ ఆగిందన్నదే అంత తేడా తెచ్చిపెడుతుంది. గాలి వేడి కూడా లెక్కను తారుమారు చేస్తుంది. 20 డిగ్రీల ఉదయపు గాలి కంటే 40 డిగ్రీల మధ్యాహ్నపు గాలి ఆరు శాతం పలచన, కాబట్టి ఏ మార్పూ చేయకుండానే మధ్యాహ్నం కారు తేలిగ్గా వెళ్తుంది. మార్గం ఎత్తుపల్లాలు మరో చిక్కు. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంటే, విజయవాడ దాదాపు ఆ మట్టానికి దగ్గరగానే ఉంది. 65వ నంబరు జాతీయ రహదారిపై అటు దిగే కారుకు ఆ వాలు వల్ల సగటున 18 న్యూటన్ల ఉచిత సాయం అందుతుంది, తిరుగు ప్రయాణంలో అంతే భారం పడుతుంది. వెళ్లేటప్పుడు వచ్చిన మైలేజీ చూసి కొత్తగా బిగించిన రేకును మెచ్చుకునేవారు ఈ సంగతి మరిచిపోతుంటారు.

కాబట్టి పది ఇరవై కిలోమీటర్ల చదునైన భాగాన్ని ఎంచుకుని, గాలి లేని తెల్లవారుజామున, రెండు దిశల్లోనూ ఒకే వేగంతో నడిపి సగటు తీయండి. స్టీరింగ్ కింద ఉండే, కారు కంప్యూటరు సమాచారాన్ని చదివే ఓబీడీ పోర్టుకు బ్లూటూత్ రీడర్ తగిలిస్తే ఫోన్లోనే ఇంధన వాడకం, కూలెంట్ ఉష్ణోగ్రత కనిపిస్తాయి. ఫోన్ అంకె నికరమైనది కాకపోవచ్చు, కానీ రెండు స్థితులను పోల్చడానికి సరిపోతుంది. మార్పు లేకుండా ఒకసారి, మార్పుతో ఒకసారి, మళ్లీ మార్పు తీసేసి ఒకసారి కొలవడం తప్పనిసరి. మొదటి, మూడో కొలతలు ఒకదానికొకటి దగ్గరగా రాకపోతే ఆ రోజు ఫలితాన్ని పక్కన పెట్టండి.

ఇంకా సూటిగా తెలుసుకోవాలంటే న్యూట్రల్ పరీక్ష ఉంది. మాన్యువల్ గేరు కారును 85 కి.మీ. వేగానికి తెచ్చి న్యూట్రల్‌లో వదిలి, 80 నుంచి 60కి పడిపోవడానికి పట్టే సమయాన్ని పక్కన కూర్చున్నవారు కొలవాలి. పైన చెప్పిన ఉదాహరణ కారుకు ఇది సుమారు 21 సెకన్లు. గాలి నిరోధం 10 శాతం తగ్గితే మరో సెకను పైచిలుకు మాత్రమే పెరుగుతుంది. తేడా ఇంత సన్ననిది కనుక ప్రతి దిశలోనూ చాలాసార్లు చేసి సగటు తీసుకోవాలి. ఇంజిన్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపవద్దు. ఇంజిన్ ఆగితే బ్రేక్ బూస్టరు, పవర్ స్టీరింగ్ సాయం పోతాయి. వెనుక వాహనం కనిపిస్తే పరీక్ష మానుకోవాలి.

రెండో అడుగు: గాలి దారిని కళ్లతో చూడండి

ఊలు దారాన్ని ఎనిమిది, పది సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, కప్పు వెనుక సగం, వెనుక అద్దం, వెనుక బంపరు పక్కల మీద జానెడు ఎడంలో ఒక్కొక్క కొసను మాస్కింగ్ టేపుతో అతికించండి. మిత్రుడి కారులో డ్రైవరు కాక మరొకరు పక్క లేన్ నుంచి వీడియో తీయాలి. దారం తిన్నగా వెనక్కి సాగి ఉంటే గాలి ఆ ఉపరితలాన్ని అంటిపెట్టుకుని పోతోందని అర్థం. గిరగిరా తిరుగుతున్నా, ముందుకు తిరగబడుతున్నా అక్కడ గాలి విడిపోయి సుడులు పుడుతున్నట్టు. హ్యాచ్‌బ్యాక్ వెనుక అద్దం మీది దారాలు దాదాపు ఎప్పుడూ ఇలాగే తల్లడిల్లుతుంటాయి.

కారును వెనక్కి లాగే బలం ముఖ్యంగా అక్కడే ఉంది. కారు ముక్కు గాలిని చీల్చాలన్న ఊహతో చాలామంది బానెట్ మీద దృష్టి పెడతారు, కానీ ఈనాటి కార్ల ముందు భాగాన్ని కంపెనీలు ఇప్పటికే బాగా గుండ్రం చేశాయి. మిగిలిన నష్టం వెనుక ఏర్పడే అల్పపీడనం వల్ల, గరుకైన అడుగు భాగం వల్ల, చక్రాల వల్ల వస్తుంది. చక్రాలు, వాటి గూళ్ల వాటాయే మొత్తంలో సుమారు పావు వంతు.

మూడో అడుగు: కారు అడుగు భాగం

బయటికి కనిపించదు, రూపం చెడదు, లాభం ఎక్కువ. అందుకే నేనైతే దీన్నే మొదట చేయమంటాను. సర్వీసింగ్ సెంటర్లో కారును ర్యాంపు ఎక్కించినప్పుడు కింద నిలబడి ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. ఇంటి దగ్గర ఉత్త జాకీ మీద లేపి కిందికి దూరడం ప్రాణాంతకం, కింద గట్టి స్టాండ్లు ఉండాల్సిందే. ముందుగా ఇంజిన్ కింద కంపెనీ ఇచ్చిన కవరు ఉందో లేదో చూడండి. గుంతల రోడ్ల దెబ్బకు అది చిరిగి, ఎప్పుడో ఒక సర్వీసులో తీసి పారేసి ఉండవచ్చు. కొత్త కవరు కొని బిగించడమే అన్నిటికంటే ఉత్తమమైన మార్పు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తర్వాత వెనుక బంపరు సంగతి చూడండి. ఇంధన ట్యాంకు దాటాక వెనుక బంపరు లోపలి వైపు బోలుగా ఉండి, కింద నుంచి వచ్చే గాలిని పారాచూట్‌లా పట్టి ఆపుతుంది. దాన్ని మూయడానికి ఎన్నికల బోర్డులకు వాడే సన్‌ప్యాక్ షీటు చాలు. ఫ్లెక్సీ ముద్రించే దుకాణాల్లో నాలుగైదు మిల్లీమీటర్ల మందంలో దొరుకుతుంది. ముందు అట్టతో కొలత ముక్క కత్తిరించి సరిచూసుకుని, ఆ తర్వాతే షీటు కోయాలి. షీటు లోపలి గొట్టాల వరసలు కారు పొడవు వెంట ఉండేలా అమర్చితే వంగకుండా నిలుస్తుంది. ఒకటి కంటే ఎక్కువ ముక్కలైతే ముందు ముక్క వెనుక అంచు, వెనుక ముక్క ముందు అంచుకు కింద, అంటే రోడ్డు వైపు రావాలి. తిరగేసి అమర్చితే ఎదురుగాలి సందులో దూరి మొత్తం ఊడదీస్తుంది. ఉన్న రంధ్రాలనే వాడుతూ, పెద్ద వాషర్లతో జానెడుకు ఒకటి చొప్పున బోల్టులు వేయండి. ఛాసిస్ దిమ్మెలకు, బ్రేకు పైపులు, ఇంధన గొట్టాలు, వైర్లు వెళ్లే చోట్లకు డ్రిల్లు తగలనీయవద్దు.

ఇక్కడ అశ్రద్ధకు చోటు లేని విషయం వేడి. సన్‌ప్యాక్ పాలీప్రొపిలీన్. అది 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది, నిప్పు తగిలితే మండుతుంది. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడి అంతకంటే చాలా ఎక్కువ. దాన్నీ, సైలెన్సరు గొట్టాన్నీ ఏ షీటుతోనూ మూయకూడదు. వాటి పక్కగా వెళ్లే ముక్కలు మిల్లీమీటరు మందం అల్యూమినియం రేకుతో చేయాలి, సైలెన్సరుకు కనీసం బెత్తెడు ఎడం వదలాలి. ఆయిల్ కారినా, వాన నీరు చేరినా దిగిపోయేలా అట్టడుగున రంధ్రాలు, ఇంజిన్ ఆయిల్ మార్చే బిరడా దగ్గర తెరిచే మూత ఉండాలి. సీఎన్‌జీ కారైతే డిక్కీ సిలిండరు నుంచి కిందికి దిగే గాలి గొట్టాల మూతులకు ఏదీ అడ్డు రాకూడదు.

మన ప్రాంతానికే చెందిన మరో ప్రమాదం ఉంది. కోతల కాలంలో పల్లె రోడ్ల మీద కంది, పెసర కట్టెనూ, వరి గడ్డినీ వాహనాలు తొక్కి నలపడానికి పరుస్తారు. ఆ గడ్డి కారు అడుగున చుట్టుకుని వేడి సైలెన్సరుకు తగిలితే కారు తగలబడుతుంది. ఇంట్లో బిగించిన షీటు అంచులు గడ్డిని పట్టి నిలిపే ప్రమాదం మరింత ఎక్కువ కాబట్టి, అలాంటి రోడ్డు మీద వెళ్లక తప్పకపోతే దాటిన వెంటనే ఆపి కిందికి వంగి చూడటం అలవాటు చేసుకోండి. ఏటా కోతల కాలమంతా ఊరి దారుల్లో తిరిగే కారుకు వెనుక బంపరు మూత తప్ప మరే షీటూ వేయకపోవడమే క్షేమం.

ముందు బంపరు కింద నాలుగైదు సెంటీమీటర్ల రబ్బరు పట్టీ వేలాడదీయడం కూడా అడుగు భాగపు గాలిని తగ్గించే ఉపాయమే. అది గట్టి ప్లాస్టిక్ కాకుండా, స్పీడ్ బ్రేకరుకు తగిలితే వంగి మళ్లీ నిలబడే రబ్బరు షీటే కావాలి. కారు అడుగున అన్నిటికంటే కిందికి ఉన్న భాగం కంటే పట్టీ దిగితే లాభం పోయి నష్టం మొదలవుతుంది.

నాలుగో అడుగు: చక్రాలు

తిరిగే చక్రం చువ్వల మధ్య గాలిని చిలుకుతుంది. చదునైన మూత దాన్ని ఆపుతుంది. టెస్లా మోడల్ 3 చక్రాలకు కంపెనీయే ఇలాంటి ప్లాస్టిక్ మూతలు ఇచ్చింది. ఇనుప రిమ్ములున్న కారైతే పని సులువు. కంపెనీ వీల్ కవరునే ఆధారంగా తీసుకుని, దాని రంధ్రాల మీద పలచని ఏబీఎస్ ప్లాస్టిక్ షీటునో అల్యూమినియం రేకునో గుండ్రంగా కోసి పాప్ రివెట్లతో బిగిస్తే, కవరు వెనుక ఉండే క్లిప్పులు, తీగ రింగు యథాతథంగా పట్టు ఇస్తాయి. అదనంగా నాలుగు చోట్ల కేబుల్ టైలతో రిమ్ముకు కట్టండి, ఎందుకంటే హైవే మీద ఊడిన రేకు వెనుక వచ్చే బైకు మీది మనిషికి కత్తితో సమానం. గాలి పట్టే వాల్వుకు మాత్రం రంధ్రం వదలండి. అమెరికాలో కొందరు ఈ పనికి పిజ్జా పళ్లేలు వాడారు. మన ఇళ్లలోని అల్యూమినియం తాంబాళాల మీద కన్ను వేయాలనుకునేవారు ఇంట్లోవారి అనుమతి తీసుకోవడం మంచిది.

వెనుక డ్రమ్ము బ్రేకులున్న చక్రాలను దాదాపు పూర్తిగా మూయవచ్చు. ముందు డిస్కు బ్రేకులకు చల్లదనం కావాలి కాబట్టి మూత అంచు చుట్టూ వేలెడు సందు వదలాలి. తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్లకు వెళ్లేటప్పుడు ముందు మూతలు తీసి ఇంట్లో పెట్టి వెళ్లాలి. మొదటి తరం హోండా ఇన్‌సైట్‌లా వెనుక చక్రాల గూడును పైనుంచి మూసే కప్పు తయారు చేయడం సరదాగానే ఉంటుంది. పంక్చరైన ప్రతిసారీ దాన్ని విప్పాల్సి రావడంతో ఆ సరదా తీరిపోతుంది.

ఐదో అడుగు: ముందు గ్రిల్

రేడియేటరు గుండా దూరే గాలి మొత్తం గాలి నిరోధంలో 5 నుంచి 10 శాతానికి కారణం. చల్లని దేశాల్లో గ్రిల్ మూయడం మొదటి చిట్కాగా చెబుతారు. మే నెలలో 45 డిగ్రీలు చూసే రామగుండంలో, రెంటచింతలలో ఆ సలహా అలాగే పాటిస్తే ఇంజిన్ కంటే ముందు ఏసీ గోల పెడుతుంది. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సరుకు గాలి అందకపోతే గ్యాసు ఒత్తిడి పెరిగి, కంప్రెసరు మరింత శక్తి లాగి, మిగిలిందనుకున్న ఇంధనాన్ని తినేస్తుంది. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే ఈ మార్పు పెట్టుకుని, పై గ్రిల్‌ను మాత్రమే మూయండి. బంపరు కింది తెరపును ముట్టుకోవద్దు. ఏసీ మెకానిక్కులు రాగి పైపులకు తొడిగే నల్లటి ఫోమ్ గొట్టాన్ని నిలువునా చీల్చి గ్రిల్ పట్టీలకు తొడిగితే చక్కగా పట్టుకుంటుంది, రెండు నిమిషాల్లో ఊడదీయవచ్చు. మొదట సగం మూసి, ఓబీడీలో కూలెంట్ ఉష్ణోగ్రత గమనించండి. మామూలుగా 90 డిగ్రీల పరిసరాల్లో నిలిచేది 105 వైపు వెళ్తుంటే ఆపి తీసేయండి.

ఆరో అడుగు: వెనుక అంచు

కారు తోక నీటిబొట్టు కొసలా సన్నగా ముగియాలి, కానీ అంత పొడవు సాధ్యం కాదు. 1930లలో జర్మనీ ఇంజనీరు వూనిబాల్డ్ కామ్ బృందం చూపిన దారి వేరు: ఆ వాలును కొంత దూరం కొనసాగించి, నిటారుగా కోసేస్తే లాభంలో చాలా భాగం దక్కుతుంది. మన హ్యాచ్‌బ్యాక్‌లో దీన్ని అమలు చేయడమంటే కప్పు వాలును డిక్కీ తలుపు పైభాగం నుంచి పది, పదిహేను సెంటీమీటర్లు వెనక్కి పొడిగించడమే. వాలు 10 నుంచి 12 డిగ్రీలు ఉండాలి. 15 దాటితే గాలి పట్టు విడిచేస్తుంది. పైకి లేచే రేసింగ్ స్పాయిలరు దీనికి పూర్తిగా వ్యతిరేకం, అది నిరోధాన్ని పెంచుతుంది. మూడు మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ షీటును వేడి గాలితో కొద్దిగా వంచి, ఉన్న స్పాయిలరు అంచుకు బోల్టులతోనూ, రెండు వైపులా గట్టిగా అంటుకునే వీహెచ్‌బీ టేపుతోనూ కలిపి బిగించాలి. ఎండకు మెత్తబడే టేపు ఒక్కదాన్నే నమ్మవద్దు. చివరి అంచు పదునుగా ముగియాలి. గుండ్రం చేస్తే గాలి ఆ అంచును చుట్టుకుని కిందికి లాగుతుంది. బిగించాక ఊలు దారం పరీక్ష మళ్లీ చేసి, పొడిగింపు కొస వరకు దారాలు తిన్నగా ఉన్నాయో లేదో చూడండి. కొస దగ్గర వణుకుతుంటే వాలును ఒకటి రెండు డిగ్రీలు తగ్గించండి.

కప్పు మీద వరుసగా అతికించే చిన్న రెక్కల సంగతి అడిగేవారు చాలామంది ఉన్నారు. మిత్సుబిషి ఇంజనీర్లు లాన్సర్ ఎవల్యూషన్‌పై వాటితో డ్రాగ్ గుణకంలో 0.006 తగ్గుదల చూపించారు. అది వాలుగా దిగే సెడాన్ వెనుక అద్దానికి, ప్రత్యేకంగా కొలిచి ఎంచిన చోట. నిటారు వెనుక భాగమున్న హ్యాచ్‌బ్యాక్‌కు బజారు రెక్కలు అంటించడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషనులోని వివరాలు తయారీదారు మొదట చెప్పిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. గ్రిల్ ఫోమ్, వీల్ మూతలు, అడుగు షీట్లు చేత్తో, స్పానరుతో తీసేయగలిగినవి. తోక పొడిగింపు విషయంలో ముందే ఆర్టీఏ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. ఏ మార్పైనా సరే బంపరు దాటి వెనక్కి పొడుచుకు రాకూడదు, నంబరు ప్లేటునూ, ఏ దీపాన్నీ, ముఖ్యంగా పై బ్రేకు లైటునూ కప్పకూడదు. చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం జరిగినప్పుడు బీమా క్లెయిముకు అడ్డంకి కావచ్చు కాబట్టి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి జవాబు దాచుకోండి.

నెలకు 1,500 కి.మీ. హైవే ప్రయాణం, లీటరుకు 18 కి.మీ. మైలేజీ ఉన్న కారు 83 లీటర్లు తాగుతుంది. అన్నీ కుదిరి 6 శాతం మిగిలితే అయిదు లీటర్లు, లీటరు వంద దాటిన ధరలో అయిదు వందల రూపాయల పైచిలుకు. ఆ లాభం నిలవాలంటే ప్రతి వాటర్ వాష్ తర్వాత బోల్టులు, టైలు చేత్తో లాగి చూడండి. ఎండకు పెళుసెక్కిన కేబుల్ టైలను వేసవి ముగియగానే మార్చండి, మార్చి రాకముందే గ్రిల్ ఫోమ్ తీసి డిక్కీలో పడేయండి.